చెవితీగ

మొగపాలెంలో పెద్దవల లాగాలంటే ముందు గొంతు కావాలి, రెక్కలు ఆ తర్వాత. వల నీళ్లలో చుట్టి వచ్చాక తాడు కొసలు రెండూ ఒడ్డుకొస్తాయి. లాగేవాళ్లు ఒకరి వీపు వెనక ఒకరు నిలబడతారు. పిలుపుమనిషి పక్కన నిలబడి పాట ఎత్తుకుంటుంది. ఆవిడ పిలిచినంతసేపూ ఊపిరి బిగబట్టాలి, "ఓలెస్సా" అని పలికినప్పుడు అందరూ ఒక్కుమ్మడిగా లాగాలి. ఒక్కరు పలక్కపోయినా తాడు సడలిపోద్ది. ఇక పిలుపే మధ్యలో ఆగిందా, చెప్పక్కర్లేదు. సముద్రం వలనీ చేపల్నీ వెనక్కి గుంజుకుంటుంది, ముందున్న వాళ్ల అరచేతుల తోలు కూడా పట్టుకుపోతుంది. అందుకని ఆ ఊళ్లో పిల్లలకి అడుగులు రాకముందే ఒకటి నేర్పేస్తారు: పాటలో పిలిస్తే పలకాలి. అలిగి ఉన్నా సరే, కునికిపాట్లు పడుతున్నా సరే, పలకాలి.

మగాళ్లంతా ఇంజను పడవలెక్కి నడిసముద్రానికి పోవడం మొదలెట్టాక ఒడ్డువల ఆడవాళ్లదైపోయింది. పిలుపు వీరవేణిదైపోయింది. అలాంటిలాంటి గొంతు కాదు ఆవిడది. వీరవేణి కేకేస్తే అవతలి లంకలో పడుకున్న కుక్క లేచి కూర్చుంటుందని నవ్వుకునేవారు.

ఆవిడకి ఒక్కగానొక్క కూతురు, లోవకుమారి. అందరికీ లోవ. పిల్ల చంకలో ఉండగానే తండ్రిని తుపాను తీసుకుపోయింది. తల్లి తాడు పక్కన నిలబడి పిలుస్తుంటే లోవ ఇసకలో కూచుని పలుకుతూ పెరిగింది. ఇంకా పాలపళ్లు ఊడుతున్న వయసులోనే తనంతట తనే పాట కట్టింది. శంఖాన్ని వీపున వేసుకుని తిరిగే పీతని చూసి కట్టింది.

"ఇల్లు మోసే పీతమ్మా, ఎందాకే నీ పయనం?
అల పిలిస్తే ఆగను, అమ్మ పిలిస్తే ఆగుతాను."

వీరవేణి మురిసిపోయి మర్నాడు ఆ పాటే వల దగ్గర ఎత్తుకుంది. పక్కింటి మంగాయమ్మ తాడు పట్టుకునే నవ్వింది. "ఇదేం పాటే వదినా, పీత పాటకి చేపలు పడతాయా?" పడ్డాయి. బుట్టలు చాలక చీరకొంగుల్లో కూడా ఎత్తుకెళ్లారు.

పాటలు కట్టడం ఆ పిల్లకి ఆ రోజు అంటుకుంది, మరి వదల్లేదు. పదహారేళ్లు నిండేసరికి కొంగమీద ఒకటి, ఈదురుగాలి మీద ఒకటి, మొగలిపొదలో పాము మీద ఒకటి. మంగాయమ్మ కొడుకు ధనరాజు కూడా కట్టేవాడు. వాడి పాటల్లో వెన్నెల ఎక్కువ, విషయం తక్కువ అని లోవ ఏడిపించేది.

అప్పటికి సముద్రం ఊరిని కొరుక్కుతింటా వస్తోంది. ముందు రేవుగట్టు పోయింది, తర్వాత బడి పోయింది, ఆ తర్వాత ఓ వీధి వీధంతా పోయింది. మడ అడవి ఉన్నచోట అల కాళ్లు విరిగి కూలబడుతుంది. ఊరి ముందున్న మడని రొయ్యల చెరువుల కోసం ఏనాడో నరికేశారు. మళ్లీ నాటారు గానీ, మొక్క వేరు పట్టేలోపే అల పెరికేసేది.

హైమవతి అనే డాక్టరమ్మ ఆ ఊరు వచ్చింది అందుకే. బురదలో పొడుగాటి గుంజలు పాతించి, వాటి మీద పరిశోధనశాల కట్టించింది. మడ చెట్లకి బురదలోంచి పైకి పొడుచుకొచ్చే ఊపిరివేళ్లుంటాయి కదా, పోటు ఎక్కేటప్పుడు ఆ వేళ్లు ఓ చప్పుడు చేస్తాయట. మన చెవికి అందదు. ఆ చప్పుడు తగిలిన పిల్లమొక్క గబగబా వేళ్లు దింపుకుంటుందట. సరే గదా అని ఆవిడ యంత్రంతో అదే చప్పుడు వినిపించింది. మొక్కలు చెవిన పెట్టలేదు. మనిషి దాన్ని విని, తన ఊపిరిలో కలుపుకుని, పాట కట్టి తిరిగి పాడితేనే పెట్టాయి. ఎందుకలాగో డాక్టరమ్మకీ తెలీదు.

వినడానికి ఆవిడ ఓ తీగ పెంచింది. మడ వేళ్లని కరుచుకుని బతికే బూజులోంచి తీసిన పోగు అది, వెంట్రుక కన్నా సన్నం. చెవి వెనక సూదితో గుచ్చితే నరం మీద బతుకుతుంది. ఇంకా ఎదుగుతున్న చెవికే అంటుతుంది, అందుకని పడుచుపిల్లలే కావాలి. పాటలు కట్టే పడుచుపిల్లలు ఇంకా మంచిది. మొగపాలెంలో వాళ్లకి కొదవా?

తీగ పెట్టే రోజున వీరవేణి కూతురి చెయ్యి పట్టుకుని నిచ్చెనెక్కింది.

"నొప్పెడతాదా అండి?"

"చీమ కుట్టినట్టుంటుంది, అంతే. ఒక్క సంగతి మాత్రం అందరూ గుర్తుపెట్టుకోండి," అంది డాక్టరమ్మ. "వినండి, రాయండి, నోరారా పాడండి. కానీ అడవి వినిపిస్తున్నప్పుడు లోపల్లోపల బదులు పలకొద్దు. ఊరికే వింటే తీగ ఉన్నచోటే ఉంటుంది. పలికితే పాకుతుంది."

"ఎక్కడికండి?"

"లోపలికి."

పిల్లలంతా తలలూపారు. ధనరాజైతే రెండుసార్లు ఊపాడు. పాటలో పిలిస్తే పలక్కుండా ఎలా ఉండాలో మాత్రం ఆ ఊళ్లో ఎవరూ ఎవరికీ నేర్పలేదు. డాక్టరమ్మ పరాయి ఊరి మనిషి, ఆవిడకి ఆ సంగతి తెలీదు. తెలిసిన వీరవేణికి ఆ పూట తట్టలేదు. కూతురి చెవి వెనక చుక్క నెత్తురు కనబడితే కొంగుతో అద్దడంలో ఉండిపోయింది.

తీగ పెట్టాక లోవ కళ్లు ఇంతింతయ్యాయి. "అమ్మా, అడవి ఊరుకోదే! ఎంత మాట్లాడుద్దనుకున్నావు! ముసలిచెట్లు పిలుస్తాయి, పిల్లచెట్లు పలుకుతాయి. అచ్చం మన వల దగ్గర లాగే." ఆ మాటకైనా తల్లి ఉలిక్కిపడాల్సింది. "మా తల్లే," అని మెటికలు విరిచింది.

పొద్దున్నే పిల్లలు చెక్కవంతెన మీద కాళ్లు వేలాడేసుకుని కూచుని విని రాసేవారు. పోటు దిగాక మోకాలి లోతు బురదలో నిలబడి పాడేవారు.

"మొలకా మొలకా మన్ను పట్టు,
ముంచుకొచ్చే సంద్రాన్ని నెట్టు."

పాడిన చోటల్లా మొక్కలు నిలిచాయి. ఏడాదికి దిగాల్సిన వేరు వారంలో దిగింది. సముద్రానికీ ఊరికీ మధ్యన పచ్చటి గోడ లేస్తుంటే, ఊరు ఊరంతా సాయంత్రాలు వచ్చి చూసి పోయేది.

ఓ రోజు వీరవేణి మెత్తళ్లు వేయించి, "లోవా, అన్నానికి రాయే," అని పిలిచింది. పిల్ల అరుగు మీద కూచుని ఏదో రాసుకుంటోంది. తల తిప్పలేదు. "ఒసే లోవా! చెవుల్లో సీసం పోసుకున్నావా?" తిప్పలేదు. గోడ అవతల్నించి మంగాయమ్మ, "ఏవే లోవా, మీ అమ్మ అంతలా అరుస్తుంటేను!" అంది. లోవ చటుక్కున లేచింది.

"ఏంటత్తా? అమ్మెక్కడ అరిచింది?"

వీరవేణి గుమ్మంలోకొచ్చి ఎదురుగా నిలబడి మళ్లీ పిలిచింది. లోవ నవ్వింది. "ఆటలాడకమ్మా. ఊరికే నోరాడిస్తావేంటి?"

బాండీలో నూనె చిటపటలు ఆ పిల్లకి వినబడుతున్నాయి. వీధిలో సైకిలు బెల్లు వినబడింది. తల్లి గొంతొక్కటే లేదు. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. మెత్తళ్లు మాడిపోయాయి.

డాక్టరమ్మ లోవ తలని ఏవేవో వెలుతురుల కింద పెట్టి చూసింది. చూసి, వీరవేణిని ఒక్కదాన్నీ లోపలికి పిలిచింది.

"తల లోపల గొంతులకి బాటలుంటాయి, వీరవేణీ. ఎక్కువసార్లు విన్న గొంతు, విన్నప్పుడల్లా గుండె అటు తిరిగే గొంతు, దాని బాట బాగా నలిగి ఉంటుంది. గట్టు మీద కాలిబాట నున్నగా ఉంటుంది చూడండి, అలాగ. మీ అమ్మాయి అడవికి బదులు పలికింది. తీగ పాకింది. పాకడానికి దానికి నున్నటి బాటే సుళువు. దాన్ని పట్టుకుని కూర్చుంది."

"అంటే అండి?"

"అంటే ఆ పిల్లకి అన్నిటికన్నా ఇష్టమైన గొంతు మీది."

వీరవేణి నవ్విందో ఏడ్చిందో ఆవిడకే తెలీలేదు.

అక్కడితో అయిందా? మిగతా పిల్లల్నీ పరీక్ష చేశారు. అందరూ పలికారు. ఎవరు మాత్రం ఊరుకుంటారు! ఇక ఊళ్లో ఒకటే రంధి, ఎవరి పిల్లకి ఎవరి గొంతు పోయిందని. గొంతు పోయిన తల్లులు ఏడుస్తూనే ఎక్కడో ఓ మూల మెడ నిక్కించి నడిచేవారు. ధనరాజుకి వాళ్లమ్మ మంగాయమ్మ గొంతు శుభ్రంగా వినబడుతోంది. రేవులో ఐసు అమ్మే నాగమణి గొంతు మాత్రం పోయింది.

మంగాయమ్మ వీధిలో కూలబడి గుండెలు బాదుకుంది. "కన్నది నేను! ముడ్డి కడిగింది నేను! వీడికేమో ఐసుపిల్ల గొంతు పోయిందంట! నా గొంతు ఖంగుఖంగుమని వినపడతాదంట! చచ్చినా నా మాట వీడి చెవిలోంచి ఊడదంట!"

ఊరు పడీపడీ నవ్వింది. కుళాయి దగ్గర బిందె పెట్టడానికొస్తే చాలు, "ఏం మంగాయమ్మా, ఇంకా వినబడుతున్నావా?" అని అడిగేవారు. నవ్వని మనిషి వీరవేణి ఒక్కతే. నవ్వలేదు గానీ, ఆ పూట మంగాయమ్మ మొహం చూడకుండా తలుపేసుకుంది.

తీగ లాగేస్తే నరం తెగుతుంది, పిల్ల పూర్తిగా చెవిటిదైపోతుంది. ఎలాగోలా ఎండబెట్టే దారి చూడమని వీరవేణి డాక్టరమ్మ కాళ్లు పట్టుకుంది. సంగతి ఊరిపెద్ద సింగారయ్య దాకా పోయింది. ఆయన చుట్ట నోట్లోంచి తీసి మెల్లిగా అన్నాడు. "గోడ సగం లేచింది. మీ పిల్ల పాటంత బలం ఇంకెవరి పాటకీ లేదు. ఇప్పుడు ఆపితే మొన్న పట్టిన మొక్కలు కూడా మన్ను వదిలేస్తాయంట. తల్లీకూతుళ్ల కబుర్ల కోసం ఊరు మునగాలా, చెప్పమ్మా?" లోవ కూడా తల అడ్డంగా ఊపింది. "గోడ అయ్యేదాకా వద్దమ్మా. నువ్వు చేత్తో సైగ చెయ్యి, చాలు." చెప్పి మళ్లీ చెవి అడవి వైపు పెట్టింది.

వీరవేణి మర్నాడు ఒక్కతే నిచ్చెనెక్కింది. "ఎవరికీ చెప్పనండి. దారి ఉందా లేదా, అదొక్కటి చెప్పండి."

డాక్టరమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పింది. "మీరు పిలిచినప్పుడల్లా ఆ పిల్లకి వినపడదు గానీ, మీ గొంతు ఆ బాట దాకా వస్తూనే ఉంది. తీగకి తిండి అదే. తిండి ఆగితే ఎండుతుంది. మీరు నోరు మూసుకోవాలి. పక్కన లేనప్పుడు కూడా, మీ గొంతు ఊరంతా వినబడుతుంది కదా. పెదాలు కూడా కదపకూడదు. మీ పెదాలు కదిలితే ఆ పిల్ల మనసులో మీ గొంతే పలుకుతుంది. నెలలు పడుతుంది. అమ్మాయికి చెబితే ఒప్పుకోదు. ఇంకొకటి ఉంది వీరవేణీ, తీగ ఎండాక ఆ బాట..."

వీరవేణి అప్పటికే నిచ్చెన దిగుతోంది. నా నోరు నేను మూసుకుంటే ఊరెవరు అడగడానికి, అనుకుంటూ దిగుతోంది.

నోరు మూసుకోవడం అనుకున్నంత సుళువా? మాట్లాడే మనిషికి మాట ఆకలిలాంటిది. కాలికి ముల్లు గుచ్చుకుంటే "అబ్బా" అనకుండా పళ్లు బిగబట్టింది. వల దగ్గర పిలుపు మంగాయమ్మకిచ్చేసి తాడు పట్టుకుంది. మంగాయమ్మది పగిలిన కుండ గొంతు. వల రెండుసార్లు జారింది, అరచేతులు చీరుకుపోయాయి. "వీరవేణికి పొగరు తలకెక్కింది. కూతురు తన గొంతే మింగిందని గొప్ప!" అని ఆడవాళ్లు మొహం మీదే అన్నారు. ఆవిడ చేతులకి పసుపు రాసుకుని ఊరుకుంది.

ఇంట్లో ఇంకా కష్టం. లోవ ఇంటికి రాగానే తల్లి మొహం వైపే చూసేది, పెదాల్ని చూసి మాట పోల్చుకుందామని. వీరవేణి పొయ్యి వైపు తిరిగిపోయేది.

"అమ్మా, కోపమా?"

పొయ్యిలో పుల్ల ఎగదోసింది.

"నీ మాట వినపడదని నీకు నామీద కోపమా? నేను కావాలని చేశానా? సైగన్నా చెయ్యవేంటే! ఒక్కసారి ఇటు తిరగవే."

వీరవేణి తిరగలేదు. తిరిగితే పెదాలు ఆగవు. లోవ ఆ పూట అన్నం తినకుండా పరిశోధనశాలకెళ్లి పడుకుంది. తర్వాత తర్వాత అక్కడే ఉండిపోవడం అలవాటు చేసుకుంది.

ఆ దుఃఖంలోంచి ఆ పిల్ల కట్టిన పాటలు విని డాక్టరమ్మకే ఒళ్లు జలదరించింది. పిల్లలంతా బురదలో నిలబడి వంత పలుకుతుంటే లోవ ముందు నిలబడి ఎత్తుకుంది.

"పోటు వచ్చి గడప తడిపి పోయెనే గానీ
పేరు పెట్టి పిలవదాయె పేగు పంచిన తల్లి."

ఆ పాటకి మొక్కలు వేళ్లు దింపిన జోరు అంతకుముందు ఎవరూ చూడలేదు. సింగారయ్య చెయ్యెత్తి దీవించాడు. "ఎంత బాగా ఏడిపించావే తల్లీ! ఇలాంటివే ఇంకో నాలుగు కట్టు, గోడ అయిపోద్ది." జనం వెనకాల వీరవేణి కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. తన మౌనం మొక్కలకి ఎరువైపోతుందని ఆవిడ అనుకోలేదు.

కార్తీకంలో తుపాను వచ్చింది. తాటిచెట్లు విరిగాయి, పెంకులు ఎగిరాయి, కానీ అల మాత్రం మడ గోడ దగ్గరే నురగలు కక్కి కూలబడింది. ఊళ్లో ఒక్క గడపా తడవలేదు. జనం పిల్లల్ని భుజాల మీద మోశారు. లోవ ఆ భుజాల మీద కూచునే ఏడుస్తోంది. తుపాను వెలిసినప్పట్నించీ ఆ పిల్లకి అడవి వినపడటం లేదు.

డాక్టరమ్మ మళ్లీ వెలుతురుల కింద పెట్టి చూసింది. తీగ ఎండి పొట్టులా రాలిపోయింది. గోడ నిలిచింది గనక ఊరికిప్పుడు ఆ పిల్లతో పనీ లేదు. మిగతా పిల్లల తీగలు కూడా ఇళ్లవాళ్లు నోళ్లు మూసుకుని ఎండబెట్టుకున్నారు. ధనరాజు ఒక్కడే తీగతో మిగిలాడు, గోడకి కాపలాగా. వాడి తీగ బాట తర్వాత బాట పట్టుకుంటూ పోయింది. ఐసుపిల్ల గొంతు, స్నేహితుల గొంతులు, పాఠాలు చెప్పిన మాస్టారి గొంతు అన్నీ పోయాయి. చిట్టచివరికి ఒక్కటే మిగిలింది, మంగాయమ్మది. ఆవిడ రోజూ సత్తుగిన్నెలో అన్నం పట్టుకుని మడలోకి పోయి, వాడి పక్కన కూచుని ఊరి ముచ్చట్లన్నీ చెప్పి వచ్చేది. ఇప్పుడు ఊళ్లో ఎవరూ ఆవిణ్ణి చూసి నవ్వడం లేదు.

"ఇక మాట్లాడొచ్చు," అని లోవ తీగ రాలిన రోజే డాక్టరమ్మ వీరవేణితో అంది. ఇంకా ఏదో చెప్పబోయి, ఆవిడ మొహంలో వెలుగు చూసి ఊరుకుంది.

వీరవేణి వెంటనే మాట్లాడలేదు. అన్ని నెలలు దాచిన గొంతు గదా. "అన్నం తిన్నావా" అనడానికి ఖర్చు పెట్టబుద్ధి కాలేదు. తన అసలు గొంతు వల దగ్గర ఉంటుంది. అక్కడే వినిపిద్దామనుకుంది.

మర్నాడు పొద్దున వల చుట్టి వచ్చారు. తాడు కొసలు ఒడ్డుకొచ్చాయి. వీరవేణి కనుసైగ చేస్తే మంగాయమ్మ పిలుపుచోటు వదిలి తాడు పట్టుకుంది. లోవ కూడా వచ్చి ఆవిడ వెనకాల చేరింది. అడవి పోయింది, ఇక ఇదే పని. సముద్రం వైపు చూస్తూ నిలబడింది. ఆ పిల్ల వీపు చిక్కిపోయి ఉంది. వీరవేణి తాడు వదిలి వెనగ్గా వచ్చి, పిలుపుమనిషి చోట నిలబడింది. మంగాయమ్మ వెనక్కి తిరిగి చూసి, మళ్లీ ముందుకి తిరిగి తాడు బిగించి పట్టుకుంది.

వీరవేణి ఎత్తుకుంది.

"ఇల్లు మోసే పీతమ్మా, ఎందాకే నీ పయనం?"

"ఓలెస్సా!" తాడు కదిలింది. లోవ పలికింది. అందరితోపాటు, వీపు వంచి, ఊపిరంతా పెట్టి పలికింది. వినపడింది! తన గొంతు పిల్లకి వినపడింది!

"అల పిలిస్తే ఆగను..."

"ఓలెస్సా!"

"అమ్మ పిలిస్తే ఆగుతాను."

"ఓలెస్సా!" అని లాగి, మళ్లీ ఊపిరి పట్టుకునే సందులో లోవ ముందుకి వంగి మంగాయమ్మని అడిగింది. "అత్తా, చిన్నప్పుడు నేను కట్టిన పాట కదా ఇది. ఎవరు ఆ పిలుపామె? గొంతు బాగుందే. పక్క ఊరామా?"

మంగాయమ్మ మెడ తిప్పలేదు. "మీ అమ్మేనే, పిల్లా."

లోవ వెనక్కి తిరిగి చూసింది. చూసి తల్లిని పోల్చుకుంది. నవ్వింది కూడా, పొరుగామెని చూసి నవ్వినట్టు.

"అవునా? మా అమ్మ గొంతు ఇలా ఉంటుందా?" అని మళ్లీ ముందుకి తిరిగి తాడు సరిచేసుకుంది.

మనుషులు నడవని కాలిబాట ఎన్నాళ్లకి గడ్డి పట్టిపోతుందో వీరవేణికి తెలియంది కాదు. గట్టు పక్కనే పుట్టి పెరిగిన మనిషి.

వల సగం నీళ్లలో ఉంది. అల వెనక్కి గుంజుతోంది. ఇరవై జతల చేతులు తాడు బిగబట్టి పిలుపు కోసం ఆగి ఉన్నాయి. వాటిలో ఆ పిల్ల చేతులూ ఉన్నాయి. ఇప్పుడు పిలుపు ఆగితే ఆ అరచేతులు చీరుకుపోతాయి.

వీరవేణి తర్వాతి చరణం ఎత్తుకుంది.